డన్ గడిలో పసుపు చీటీ

ఏలీయా చెరువులో శవాలు లక్షల్లో తేలాయి.

రొయ్యలు. వారంలో పట్టుబడికి రావాల్సిన పంట. ఆదివారం రాత్రి కృత్తివెన్నులో కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయి. ఊపిరాడక పంటంతా చచ్చింది. కరెంటు పోగానే ఫోన్లో సైరన్ కొట్టి రైతుని లేపాల్సిన 'పహరా' యాప్ మాత్రం కిక్కురుమనలేదు.

సోమవారం ఉదయం పదింటికి ఎస్సై సరోజిని మచిలీపట్నంలోని పహరా ఆఫీసులో అడుగుపెట్టింది. గట్టు మీద కూలబడ్డ ఏలీయాని చూసి నేరుగా వచ్చింది. ఒళ్ళు మండిపోతోంది.

"సైరన్ టెస్ట్ చేసిందెవరు?"

"ఫర్జానా అండీ," అన్నాడు అరుణ్. టీమ్ పని సక్రమంగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్ అతనే. "చెయ్యకుండానే అయిపోయిందంది. కంప్లైంట్ రాసి ఉంచాను. అరెస్ట్ చేసుకోండి."

కంప్లైంట్ కూడా సిద్ధం. ఏం చురుకు, ఏం చురుకు.

ఫర్జానా ఏడవలేదు. పళ్ళు బిగించి నిలబడింది.

"సైరన్ మోగట్లేదని శుక్రవారం స్టాండప్‌లోనే చెప్పాను మేడమ్. వీళ్ళంతా విన్నారు."

రోజూ పొద్దున్నే అందరూ బోర్డు ముందు నిలబడి ఎవరి పని వాళ్ళు చెప్పుకునే పావుగంట మీటింగ్ అది. సరోజిని ప్రోగ్రామర్లిద్దరి వైపు తిరిగింది.

"చెప్పిందా?"

"గుర్తులేదండీ," అంది ప్రియ.

"నేను ఫోన్ చూసుకుంటున్నానండీ," అన్నాడు హనోకు.

మూడు రోజుల కిందటి మాట గుర్తులేదట. తిన్న అన్నం గుర్తుందో లేదో.

గోడ మీద బోర్డు. నాలుగు గడులు. టు డూ, డూయింగ్, టెస్టింగ్, చివర పూర్తయిన పనులకి డన్. పనికొక పసుపు చీటీ. పని ముందుకెళ్తే చీటీని పీకి తర్వాతి గడిలో అంటిస్తారు. డన్‌లో తొమ్మిది ఉన్నాయి. ఎనిమిదింటికి సెల్లోటేప్ ఉంది. 'కరెంటు పోతే సైరన్, ఫర్జానా' అన్నదానికి లేదు.

"దీన్ని ఇక్కడికి మార్చిందెవరు?"

"తనేనండీ," అన్నాడు అరుణ్ ఫర్జానాని చూపిస్తూ. "శుక్రవారం సాయంత్రం. టెస్టింగ్‌లోంచి పీకి అంటించింది. కళ్ళారా చూశాను."

"ఈ పని మొదలైనప్పట్నుంచీ ఉన్న చీటీయేనా?"

"రెండు వారాలుగా అదేనండీ."

"మిగతావాటికి టేప్ దేనికి?"

ప్రియ అందుకుంది. "మూడుసార్లు పీకేసరికి జిగురు పోతుందండీ. ఫ్యాన్ గాలికి రాలిపోతాయి."

సరోజిని చీటీని పీకింది. గోరు పెట్టి లాగితే గానీ రాలేదు.

"దీని జిగురు పోలేదు. ఇది ఏ గడీ దాటలేదు. కొత్త చీటీ రాసి నేరుగా డన్‌లో పెట్టారు. పాతదాన్నే ఆ అమ్మాయి పీకి అంటించగా చూశానన్నావు. జరగనిది ఎలా చూశావయ్యా?"

అరుణ్ కంప్లైంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాతదాని మీద ఎర్ర ఇంకుతో 'మోగలేదు' అని రాసిందండీ. చింపేశాను. ఇవాళ ఇన్వెస్టర్లకి డెమో. అన్నీ డన్‌లో ఉండాలి. తర్వాత సరిచేద్దామనుకున్నాను."

"ఏలీయా రోజూ గట్టు మీదే పడుకునేవాడు. శనివారం అతని ఫోన్లో యాప్ వేసి, ఇంటికెళ్ళి నిశ్చింతగా పడుకోమన్నదెవరు?"

"నేనేనండీ."

"సిగ్గు లేదూ. జీపెక్కు."

అరుణ్ తలొంచుకుని బయటికి నడిచాడు.

"సారీ ఫర్జానా," అంది ప్రియ. "ఉద్యోగం పోతుందని భయమేసింది. రేపు స్టాండప్‌లో మాట్లాడుకుందాం."

"రేపెందుకు," అంది సరోజిని. "అందరూ ఉన్నారుగా. ఏం చెప్పుకుంటారందులో?"

"నిన్న చేసిన పని, ఇవాళ చెయ్యబోయే పని, అడ్డమొచ్చినవి," అన్నాడు హనోకు.

"కానివ్వండి. ముందు ఈ అమ్మాయి."

ఫర్జానా బోర్డు ముందుకొచ్చింది. ప్రియ, హనోకుల వైపు తిరిగింది.

"నా పని నేను చేశాను. నాకు అడ్డమొచ్చింది మీరిద్దరూ. ఇవాళ ఏలీయా గారి చెరువు దగ్గరికి వెళ్తున్నాను, జరిగింది చెప్పడానికి. మీరూ రండి. గుర్తులేదన్న మాట ఆయన ముందు నిలబడి చెప్పండి."