కాజీపేట దాటి వచ్చిన పిల్ల

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను వరంగల్ కాస్త ఆటపట్టిస్తుంది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే రైలు ముందు కాజీపేటలో ఆగి, తర్వాతే వరంగల్ స్టేషన్‌కి వస్తుంది. మనం వెళ్లాల్సిన చోటు దేనికి దగ్గరో ఇక్కడివాళ్లనే అడిగి తెలుసుకోవాలి. ఇంటర్వ్యూ కోసం తాండూరు నుంచి వచ్చిన అక్షర ఎవరినీ అడగలేదు.

స్టేషన్ బయట షేర్ ఆటో దగ్గర జంపఖానాల మూటతో నిలబడ్డ భానుచందర్ కనిపించాడు. కాశిబుగ్గలో వాళ్లది జంపఖానాల దుకాణం.

"మడికొండ ఐటీ పార్కుకు ఎట్ల పోవాలె?"

"మడికొండనా? దాటేసి వచ్చిన్రు గద మేడమ్! కాజీపేటల దిగితే పక్కనే ఉండె."

"టికెట్ మీద వరంగల్ అని ఉంది, వరంగల్‌ల దిగిన. దానికి నవ్వుడెందుకు?"

"నవ్వుతలేను. నా మొఖమే అట్లుంటది."

అక్షర కళ్లెర్రజేసింది. కోపంలో కూడా ఆ కళ్లు బాగున్నాయనుకున్నాడు భానుచందర్. పైకి అనలేదు కాబట్టి బతికిపోయాడు.

సీట్లన్నీ నిండితే గానీ డ్రైవర్ కట్టయ్య బండి కదిలించడు. "జర ఆగు బిడ్డా, ఇంకో ముగ్గురు రానీ" అన్నాడు తాపీగా. అక్షర గడియారం చూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది చూసి భానుచందర్ ఉండలేకపోయాడు. మూట ఆటోలో పడేసి, "హన్మకొండ, హన్మకొండ! ఖాళీ ఉంది, రాండ్రి!" అని రోడ్డు మీద గొంతు చించుకున్నాడు. దుకాణంలో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి. ఆటో నిండింది. హన్మకొండలో దిగాల్సినవాడు, అక్కడ ఇంకో ఆటో మారి, మూటతో సహా మడికొండ దాకా ఆమె వెంట వెళ్లాడు.

ఉద్యోగం వచ్చింది. అక్షర కాజీపేటలో హాస్టల్‌లో చేరింది. ఆదివారాలు అతను ఊరంతా చూపించాడు. ఖిలా, భద్రకాళి చెరువు, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో అన్నీ చెప్పాడు. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప.

ఒక సాయంత్రం వాన. ఇద్దరూ చాయ్ బండి పరదా కింద నిలబడ్డారు.

"ఆదివారం అమ్మ, నాయిన వస్తాండ్రు. నాకు సంబంధం చూసిన్రట. నా మాట అడిగి పోతరట" అంది అక్షర. "ఏ స్టేషన్‌ల దిగమనాలె?"

సంబంధం మాట భానుచందర్‌కు నచ్చలేదు. అయినా దారి తప్పు చెప్పడం అతనికి రాదు. "కాజీపేట. హాస్టల్ దగ్గర."

"వరంగల్ వద్దా?"

"అక్కడేముంది? మా ఇల్లు తప్ప."

"తొవ్వ చెప్పుడు తప్ప నీకింకేం రాదా భానూ?"

వాన తగ్గలేదు. అతనికిక తప్పించుకునే దారి లేదు.

"నువ్వంటే నాకు పాణం అక్షరా. ఆ ఆటోకు మనుషులను పిలిచిన్నాటి సంది. ఇంటికి పోయినంక గొంతు పోయింది, అమ్మ దవాఖానకు పొమ్మన్నది. నీకు చెప్పాలంటె మాత్రం భయమైతది."

ఆమె నవ్వుతూనే ఫోన్ తీసింది.

"నాయినా, కాజీపేటల దిగకుండ్రి, వరంగల్‌ల దిగుండ్రి. అవును, హాస్టల్‌కు దూరమే. ముందు ఒకరింటికి పోయేదుంది. స్టేషన్ బయట ఒకాయన నిలబడి ఉంటడు. నవ్వుతాండని కోపం చేయకుండ్రి. ఆయన మొఖమే అట్లుంటది."