సెకనుకు మూడు ఫ్రేములు

"సింగిల్, కంటిన్యువస్, సెల్ఫ్ టైమర్, రిమోట్. ఏ మోడ్ పెట్టుకుంటవో నీ ఇష్టం. మొఖం మాత్రం ఫొటోల పడాలె."

2006 జూన్, శనివారం ఉదయం. వనపర్తి లాడ్జి గదిలో చీఫ్ అనంతయ్య బ్రీఫింగ్ అలా ముగిసింది. క్షిపణి డిజైన్లున్న మైక్రోచిప్ ఆ రోజు పెబ్బేరు పశువుల సంతలో చేతులు మారబోతోంది. అది గద్వాల మీదుగా రాయచూరు చేరితే దేశం దాటినట్టే. అందుకునేదెవరో డిపార్ట్‌మెంటుకు తెలియదు.

ఏజెంట్ మల్లికార్జున్ కెమెరా అందుకున్నాడు. పక్కనే సుహాసిని ఉంది. విదేశీ ముఠాలో చేరి మనకు రహస్యాలు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. వచ్చే నెలలో అతని భార్య కాబోతున్న మనిషి. ఆమె గదిలో ఉంటే అతనికి బ్రీఫింగ్ సగమే చెవికెక్కుతుందని చీఫ్‌కు కూడా తెలుసు.

"సింగిల్ల పెట్టుకో," అంది ఆమె మెట్లు దిగుతూ. "కంటిన్యువస్‌ల పెడితే టకటక సప్పుడైతది, దొరికిపోతవ్. నేను కొంగు సర్దుకున్నప్పుడు ఒక్కటి నొక్కు, సాలు."

సంతలో మల్లికార్జున్ ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, చొప్ప మోపుల మధ్య పడుకుని లెన్స్ బయటికి పెట్టాడు. ఎదురుగా గాజులమ్మే వేషంలో సుహాసిని బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమెకు కాస్త అవతల ఒకడు తెల్ల కోడెను అమ్ముతున్నాడు. కొనేవాడు వచ్చాడు. ఇద్దరూ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెంపారు. అంతవరకూ అంతా సంత పద్ధతే.

తర్వాత అమ్మినవాడు కోడెను మెడకున్న పలుపుతాడుతో సహా అప్పగించాడు.

మల్లికార్జున్ గోపాల్‌పేట రైతుబిడ్డ. అక్కడ ఎద్దును అమ్మినవాడు పలుపు విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. పలుపు పోతే కొట్టం కళ పోతుందని నమ్మకం. వీడు రైతు కాదు. సరుకు ఆ పలుపులోనే ఉంది.

సుహాసిని ఇంకా కొంగు ముట్టలేదు. అతను ఆగకుండా మోడ్ కంటిన్యువస్‌కు మార్చి, సెకనుకు మూడు ఫ్రేములు పడేలా మీట నొక్కి పట్టుకున్నాడు.

స్క్రీన్ మీద ఒక్కొక్క ఫొటో వెనక్కి తిప్పి చూశాడు. కొన్నవాడు పలుపు ముడి విప్పుతున్నాడు. సుహాసిని పక్కగా పోతూ చిప్‌ను గాజుల బుట్టలో జారవిడిచాడు. ఆమె దాన్ని రవికలో దాచింది. ఆ తర్వాతే కొంగు సర్దుకుంది. సింగిల్‌లో పెట్టి ఆమె చెప్పినప్పుడే నొక్కి ఉంటే, గాజులమ్మే ఆడమనిషీ కోడె కొన్న రైతూ తప్ప ఏమీ దొరికేది కాదు. చివరి ఫ్రేములో ఆమె సూటిగా లెన్స్‌లోకే చూస్తోంది.

మల్లికార్జున్‌కు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రోడ్డు పక్కన ఆమె కోసం ఆగిన క్వాలిస్ కారు ఇంజన్ నడుస్తోంది. ఆమె అటు వెళ్లకుండా ట్రాలీ దగ్గరికొచ్చింది. కెమెరా చప్పుడు విని కూడా ఎందుకు పారిపోలేదని అడిగాడు.

"డిలీట్ చేస్తవేమో అనుకున్న," అంది.

అతని బొటనవేలు నిజంగానే డిలీట్ మీట మీద ఉంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె కారు వైపు నడిచింది. అతను వైర్‌లెస్ తీసి రెండుసార్లు బటన్ నొక్కి వదిలేశాడు. మూడోసారి కోడ్ వర్డ్ చెప్పాడు. క్వాలిస్ కదిలిన క్షణంలో మఫ్టీ పోలీసులు అడ్డం పడ్డారు. చిప్ దొరికింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

కోడెను సాక్ష్యం కింద సీజ్ చేశారు. దాన్ని చూసుకునే పని రైతుబిడ్డ కదా అని మల్లికార్జున్‌కే అప్పగించారు. ఇద్దరిలో ఆ పూట కడుపునిండా తిన్నది అదొక్కటే.