అమ్మనడిగితే మేడం చెప్పింది

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పక్కనే నిలబడ్డ అమ్మకి ఆ సంగతే పట్టలేదు, కాలేజీలో చెప్పబోయే లెక్కేదో గాల్లో వేలితో రాసుకుంటోంది. నాన్నే పరుగున వచ్చి పొయ్యి ఆపాడు.

అప్పుడే గదిలోంచి పండు వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా, నన్ను కాంప్లెక్స్ ఎనాలిసిస్ వద్దని, నీ నంబర్ థియరీ ఎందుకు తీసుకోమన్నావు?"

"బుర్ర పదునెక్కుతుందని. చెప్పాగా."

"నిజం చెప్పు."

అమ్మ వేలు గాల్లోనే ఆగిపోయింది.

పండుది ఫిజిక్స్ డిగ్రీ. పై చదువుకి మంచి యూనివర్సిటీలో సీటు రావాలని పిల్ల ప్రాణం పెట్టింది. దానికి లెక్కల్లో ఏ పేపర్లు ఎంచుకోవాలో అదే కాలేజీలో లెక్కలు చెప్పే అమ్మనడిగింది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడం దేనికి? అమ్మ చెప్పిందే రాసిచ్చేసింది. నిన్న ఫిజిక్స్ సారు అది చూసి, ఫిజిక్స్ పై చదువుకి కాంప్లెక్సే కావాలి కదా అని నెత్తి కొట్టుకున్నారు. స్నేహితురాలు మాత్రం నవ్వింది. "మీ అమ్మ పేపర్ నడవాలంటే కావలసిన పిల్లల్లో ఒక్కరు తగ్గారట. నువ్వు చేరి నిలబెట్టావు కదే!"

"టీ తాగి కొట్టుకోండర్రా," అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఎన్నేళ్ళో పోరాడి తెచ్చుకున్న పేపరే అది. ఒకసారి రద్దయితే మళ్ళీ పెట్టనివ్వరు. నువ్వు తెలివైనదానివి, ఏది చదివినా నెగ్గుకొస్తావనుకున్నా."

"నేను అమ్మవనుకుని అడిగాను. నాకు చెప్పింది మేడం!" అంది పండు. "బయట ఎవరు మోసం చేసినా నీ దగ్గరికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడెవరి దగ్గరికెళ్ళాలి, చెప్పు?"

ఆ మాటకి అమ్మ మొహం పాలిపోయింది. ఫోన్ తీసి కాలేజీకి కలిపింది. పేపర్లు మార్చుకోవడానికి ఈరోజే ఆఖరు.

"హెడ్ గారూ, మా అమ్మాయి కాంప్లెక్స్‌కి మారుతోంది. అవునండీ, నా పేపర్ ఇక రద్దే. తెలిసే చెబుతున్నానండీ."

ఫోన్ పెట్టేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇక ఏదైనా మీ సారునే అడుగు తల్లీ. నీకు చెప్పే మొహం నాకు లేదు."

గెలిచానన్న సంతోషం పండుకి రవ్వంత కూడా కలగలేదు. కోపమూ పూర్తిగా పోలేదు. అయినా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఇంకో పేపర్ మిగిలింది. గ్రూప్ థియరీ ఇప్పుడే తీసుకోనా, ఆగనా?"

అమ్మ తలెత్తింది.

"ఇప్పుడే తీసుకో," అంది. "అది చెప్పే ఆవిడకీ నాకూ ఉప్పూ నిప్పూ, నీకూ తెలుసు. కానీ నాకంటే బాగా చెబుతుందే."

పండు అమ్మ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.