డెస్టిట్యూట్ అని రాసిందెవరు?

"మేడం, ఈ మాట రాసింది మీరేనా?"

ఆదివారం ఆరాధన అయిపోయింది. తోటపల్లి గూడూరు పక్కనున్న ఆ చిన్న చర్చి బయట జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. లోపల ఒక పొడుగాటి అబ్బాయి వినీల ముందు కాగితం చాపి నిలబడ్డాడు.

పది అడుగుల అవతల ఎలిశబెతు చేతిలో చేట ఆగిపోయింది. ఆమె వినీల తల్లి. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిందిగానీ భయం ఎక్కడా ఆగలేదు. మగవాడు కాస్త గొంతు పెంచితే చాలు, ఆమె మనసు పోలీస్ స్టేషన్ దాకా పోయి వస్తుంది.

"నేనే. ఏమైంది?" అంది వినీల. ఆమె ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్. ఆదివారాలు చర్చికొచ్చేవాళ్ళకు ఇంగ్లీషు ఫారాలు నింపిపెడుతుంది.

"నా పేరు బెన్హర్. ఇది మా చెల్లెలు రెజీనా నర్సింగ్ చదువుకి, ట్రస్టు వాళ్ళ సాయం కోసం పెట్టే అప్లికేషన్. కుటుంబ పరిస్థితి అన్నచోట డెస్టిట్యూట్ అని రాసినారు. ఫోన్లో అర్థం చూసినా. తిండీ గుడ్డా నీడా ఏదీ లేనోళ్ళంట. మేము అట్టా కనిపిస్తుండామా?"

వినీల అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఇస్త్రీ చొక్కా. దువ్విన తల.

"లేదు. కానీ ఫారం చదివేవాళ్ళు మిమ్మల్ని చూడరు కదండీ. పూర్ అని అందరూ రాస్తారు. చదివి చదివి వాళ్ళకు ఆ మాట అరిగిపోయుంటుంది. గట్టి మాట కనపడితే కాస్త ఆగి చదువుతారు."

"అందుకని మమ్మల్ని గట్టి పేదోళ్ళని చేసినారు."

"మంచికే కదా రాసినా!"

"మా అమ్మ రోజూ పొయ్యి వెలిగిస్తది మేడం. మీ ఇంగ్లీషు దాన్ని ఆర్పేసింది."

వినీల కాగితం అందుకుని ఆ మాట మళ్ళీ చదువుకుంది. "సరే, వేరే మాట చూద్దాం. ఈ నెలాఖరు దాకా టైముంది," అంది.

అతను వెళ్ళాక ఎలిశబెతు మళ్ళీ చేట అందుకుంది. ఆ చర్చి ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి, వారానికొకసారి సంచిలో తెచ్చి బల్ల మీద ఉంచుతారు. సంచుల మీద పేర్లుండవు. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్ళకు పోతుంది. వాటిని చెరిగి కలిపే పని ఎలిశబెతుది. బియ్యం చూసి ఇంటి సంగతి చెప్పగలనని ఆమె నమ్మకం.

ఆరేడు నెలలుగా వస్తున్న ఒక నీలం సంచి అంటే ఆమెకు గౌరవం. తెల్లపూల నీలం గుడ్డ. వానొచ్చినా లోపల తడవదు. బియ్యం ఏ వారమూ తగ్గలేదు, ఒక్క రాయీ రాలేదు.

"ఏరడానికి మనిషిని పెట్టుకున్న ఇల్లే ఇది. కలిగినోళ్ళు," అంది కూతురితో, సంచి దులుపుతూ. "ఇట్టాంటింట్లో నిన్నిస్తే నాకు నిద్ర పడతది."

"బియ్యాన్ని పెళ్ళాడమంటావా అమ్మా?"

తర్వాతి ఆదివారం బెన్హర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కోపం లేదు, మాట తెచ్చుకున్నాడు.

"ఇండిజెంట్ ఎట్టుండాది?"

"అది కోర్టు కాగితాల మాట. లాయర్ని పెట్టుకోలేనోళ్ళకు వాడతారు. మీ మీద కేసేమన్నా ఉందా?"

కేసు అన్న మాట చెవిన పడగానే ఎలిశబెతు చేట పక్కన పెట్టి రెండడుగులు దగ్గరికి జరిగింది.

"లేదండీ. పోనీ, పెన్నీలెస్?"

"చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం. జేబులో ఏముంది?"

అతను తడుముకున్నాడు. "టీకి ఉండాయి. ఇద్దరికి."

"అయితే మీరు పెన్నీలెస్ కాదు," అంది వినీల. టీకి మాత్రం కదల్లేదు.

ఆ పై ఆదివారం పొద్దుటి నుంచీ వాన. బెన్హర్ నిలువెల్లా తడిసి వచ్చాడు. ఆరాధన అయ్యాక వినీల గొడుగు విప్పి చర్చి మెట్ల మీద నిలబడింది. అతను సగం గొడుగులో, సగం వానలో నిలబడ్డాడు.

"ఇంత మనిషికి ఒక గొడుగు లేదా?" అని గొణుక్కుంది ఎలిశబెతు. జలుబు చేస్తుంది, అది న్యుమోనియా అవుతుంది, ఆ తర్వాత సంగతి ఆమె తలచుకోలేదు.

"బ్రోక్ అంటే ఏంది వినీల గారూ?"

మేడం అన్న పిలుపు ఎప్పుడు పోయిందో ఎలిశబెతు గమనించలేదు. వినీల గమనించింది.

"నెలాఖరు మాట. జీతమొస్తే పోతుంది. తెలిసినోళ్ళ మధ్య నవ్వుతూ చెప్పుకునేది, ఫారంలో రాయరు."

"మీతో చెప్పొచ్చా?"

"ఇవాళ తేదీ ఎంత?"

"ఇరవై ఎనిమిది."

"అయితే చెప్పండి," అంది వానకేసి చూస్తూ. గొడుగు అతని వైపు కాస్త జరిపి, "ఇంకో మాటుంది. ఇంపావరిష్డ్. ఒకప్పుడుండి, తర్వాత పోగొట్టుకున్నోళ్ళు," అంది.

బెన్హర్ నవ్వు ఆగిపోయింది. చిట్టమూరు వైపు వాళ్ళకు సొంతంగా రెండు రొయ్యల గుంటలుండేవి. తెగులొచ్చి ఒక్క నెలలో రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు ఇక్కడ వేరేవాళ్ళ గుంటల్లో మేత వేస్తున్నాడు.

"అదే రాయండి."

"బాధగా ఉండదా?"

"డెస్టిట్యూట్ అంటే మాకెప్పుడూ ఏమీ లేదన్నట్టుండాది. ఈ మాటలో మా నాయన తవ్విన గుంటలన్నా ఉండాయి."

వినీల గొడుగు అతని చేతికిచ్చి, అక్కడే పాత మాట కొట్టేసి కొత్తది రాసింది. అక్షరాలు కాస్త వంకర పోయాయి. వానవల్లే అనుకోవాలి.

మెత్తటి మాట రాసినందుకు సాయం రాదనీ, ఆ నింద తన కూతురి మీద పడుతుందనీ ఎలిశబెతు రెండు నెలలు దిగులుపడింది. సాయం వచ్చింది. అదే వారం వినీల వంటింట్లో నిలబడి, గిన్నెకేసి చూస్తూ చెప్పింది:

"అమ్మా, బెన్హర్ వాళ్ళమ్మని తీసుకుని మనింటికి వస్తానంటుండాడు. నాకిష్టమే."

ఎలిశబెతు గరిటె కింద పెట్టింది. "నువ్వే రాసినావు కదే, వాళ్ళకు ఏదీ లేదని!"

"ఆ మాట కొట్టేసినా కదమ్మా."

"ఫారంలో కొట్టేసినావు. వాళ్ళింట్లో కొట్టేసినావా? రేపు నువ్వు పస్తులుంటే నేను చూడాలా?"

వినీల పొయ్యి మంట తగ్గించింది. "నువ్వు వద్దంటే రావొద్దని చెప్తా," అంది. ఆ గొంతు ఎలిశబెతుకు ఇంకో కొత్త భయం పుట్టించింది.

మంగళవారం పొద్దున్నే చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి ఎలిశబెతు బెన్హర్ వాళ్ళుండే గుంటల దగ్గరికి వెళ్ళింది. రెండు గదుల రేకుల ఇల్లు. వాకిలి ముందే నీళ్ళు. పిల్లలు పుడితే పడిపోరూ? కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి.

"రాక్కా, రా! కూర్చో," అంటూ ఎదురొచ్చింది బెన్హర్ తల్లి రెబెక్కమ్మ. "తినిపోవాల్సిందే. ఇంకో గ్లాసు బియ్యం వేస్తా."

రేకు డబ్బాలో గ్లాసు అడుగును గీకిన చప్పుడు వినిపించింది. అనుకున్నంతా అయిందని ఎలిశబెతు కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి రెబెక్కమ్మ చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. ఏరి ఏరి, అందులోంచి ఒక పిడికెడు తీసి, మేకుకున్న సంచిలో పోసింది. తెల్లపూల నీలం సంచి.

"ఆ సంచి... మీదా?"

"మాదేనక్కా. గాలికి గొడుగు ఊచలు విరిగిపొయ్యాయి. గుడ్డ బాగుండాదని కుట్టినా."

"పనిమనిషెవరన్నా ఏరతారేమో అనుకున్నా."

రెబెక్కమ్మ పకపకా నవ్వింది. "రేషన్ స్టోరు బియ్యానికి పనిమనిషా! పళ్ళు లేని ముసిలోళ్ళు తినేది కదా, రాయి తగిలితే పాపం అని నేనే ఏరతా."

ఎలిశబెతు సంచికేసే చూస్తూ కూర్చుంది. అన్నం తింది. ఒక్క రాయీ తగల్లేదు.

బయల్దేరబోతుంటే మేత బకెట్టుతో బెన్హర్ వచ్చి, ఆమెను చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. "వందనాలు ఆంటీ..."

"ఆదివారం మీ అమ్మని తీసుకుని రా. ఆలస్యం చెయ్యొద్దు, దారిలో లారీలు ఎక్కువ. వానొస్తే?"

"తడుస్తూ వస్తాం ఆంటీ."

ఎలిశబెతు తన గొడుగు తీసి కుర్చీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

ఇంటికి చేరేలోపు వాన కుమ్మేసింది. తలుపు తీసిన వినీల హడలిపోయింది. "గొడుగేదమ్మా?"

"ఇచ్చి వచ్చినా."

"ఎవరికి?"

"ఎవరికేందే? మనోళ్ళకే."

వినీల తల్లి మొహంలోకి చూసింది. ఆ తర్వాత తడి చీరతో సహా ఆమెను వాటేసుకుంది.

"ముందు టవలు తేవే," అంది ఎలిశబెతు. "న్యుమోనియా వచ్చేట్టుండాది."