మేస్త్రి ముట్టుకోని పాదాలు

తన మొర దేవుడి చెవిన పడుతుందా అన్న అనుమానం తాపీమేస్త్రికి ఏళ్లుగా ఉంది. అయినా దణ్ణం పెట్టుకోకుండా ఏ రోజూ తాపీ పట్టడు. ఆ ఉదయమూ దణ్ణం పెట్టుకుని, భార్య మంచం పక్కన కాఫీ గ్లాసుంచి, దూరంగా జరిగి నిలబడ్డాడు.

"కాళ్లు లాగేస్తున్నాయి. కాస్త పట్టవయ్యా," అందామె దగ్గుతూ.

"పనికి ఆలస్యమవుతోంది."

"నీ పని పాడుగాను! ఊపిరితిత్తుల క్యాన్సరు అంటురోగం అనుకున్నావా ఏంటి?"

మందుల సంచితో అప్పుడే వచ్చిన కూతురు గుమ్మంలో ఆగింది. క్యాన్సర్ కణాలను పరీక్షించే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం.

"చాన్నాళ్లుగా చూస్తున్నా నాన్నా. అమ్మ చెయ్యి కూడా పట్టుకోవు. అంత అసహ్యమా?"

"అసహ్యమా? నువ్వే కదే చెప్పింది!" మేస్త్రి కూతురి వైపు తిరిగాడు. "కణాల్ని కలిపి ఉంచే ప్రోటీన్ ఒకటుంటుందని, ఇటుకల మధ్య సిమెంటులాంటిదని, అది పోతే కణాలు ఊడి నెత్తుట్లో కొట్టుకుపోతాయని. సిమెంటు వదిలిన గోడని ఎవడైనా కదుపుతాడా? నేను నొక్కితే ఇంకా రాలతాయని..."

కూతురు మందుల సంచి కింద పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. తండ్రికి అర్థం కావాలని తను చెప్పిన పోలికే అది.

"గోడకి ప్రాణం లేదు నాన్నా. ఇవి బతికున్న కణాలు. ఆ ప్రోటీన్‌ని అవే తగ్గించుకుని, పట్టు వదిలి కదులుతాయి. కాళ్లు పడితే రాలేవి కావు. నువ్వు దూరంగా ఉన్నా అది ఆగలేదు. నిన్నటి స్కాన్‌లో... కాలేయంలోనూ ఉంది."

"నాకు తెలుసులే," అంది తల్లి. "డాక్టరు మొహం చూసే పోల్చుకున్నా. పిచ్చి మేస్త్రీ, నన్ను గోడని చేశావా?"

ముట్టుకోకుండా కాపాడుతున్నాననుకున్న ఆ రోజులన్నీ మేస్త్రి కళ్లముందు నిలిచాయి. అవి ఇక తిరిగి రావు. అతడు మంచం చివర కూర్చుని ఆమె పాదాలు ఒళ్లోకి తీసుకున్నాడు.

"వద్దయ్యా, పాపం. నువ్వు నా కాళ్లు పట్టడమేంటి?"

"ఇందాక పట్టమన్నది ఎవరు?"

"దూరంగా నిలబడ్డావన్న ఉక్రోషంలో అన్నాలే."

"పరంజా మీంచి పడ్డప్పుడు రోజూ కాళ్లు పట్టి నన్ను నడిపించింది నీ చేతులే. ఆ బాకీ తీరుస్తానన్నప్పుడల్లా కాళ్లు లాక్కున్నావు. ఈ ఒక్కసారీ ఊరుకో."

ఆమె ఊరుకుంది. సిమెంటుకి మొద్దుబారిన ఆ వేళ్లు గాజు మీద కదిలినట్టు భయంభయంగా కదిలాయి.

"ఇంకాస్త గట్టిగా," అంది కళ్లు మూసుకుని. కాసేపటికి, "చాల్లే, నీ బాకీ తీరింది. పనికి పో," అంది.

మేస్త్రి లేవలేదు.