తెరిచి చూడని చీటీ

"కళ్ళజోడు మీద కూర్చున్నది నేనే, ఒప్పుకుంటాను. కానీ కుర్చీలో కళ్ళజోడు పెట్టిన మహానుభావులెవరో అది కూడా తేలాలి," అన్నాడు తండ్రి, విరిగిన ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని.

"పెట్టింది నేనే. మీరొచ్చి చూడకుండా చతికిలబడతారని కలగన్నానా?" అంది తల్లి, కుట్టుమిషను ముందు నుంచి లేవకుండా.

మామూలుగా అయితే ఈ వాదన కాఫీలు చల్లారేదాకా సాగేది. ఆ రోజు ఇద్దరూ కూతురి మొహం చూసి ఆగిపోయారు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తెల్లకోటు జేబు చిరిగితే ముందురోజు అమ్మ కుట్టి పెట్టింది. తీరా తొడుక్కుని చూస్తే జేబు ఒక పక్కకి ఒరిగిపోయింది. కుట్టు ఒకచోట అంచు దాటి బయటికి పోయి, ఎలాగో మళ్ళీ లోపలికొచ్చింది.

"ఇదేమిటమ్మా? ఇది వేసుకుని పదిమందిలోకి ఎలా వెళ్ళను?"

"ఇలా తే, విప్పి మళ్ళీ వేస్తాను. రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలూ వద్దు, ఇరవై నిమిషాలూ వద్దు. నీ చూపు తగ్గిందమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి? మొన్న ఎదురింటి టీచరమ్మ నీ చేత కాలరు మూడుసార్లు విప్పించింది. అందరి చేతా అనిపించుకునేదాకా మానవా?"

తల్లి ఒళ్ళోని గుడ్డని మడతపెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరి చొక్కా భుజం సరిగ్గా కూర్చోకపోయినా ఆమె గుమ్మం ముందే నిలబడేవారు. మనిషిని ఒకసారి చూస్తే చాలు, టేపు పెట్టకుండానే కొలత చెప్పేది.

"నువ్వు చెప్పక్కర్లేదులే. నిన్ననే మీ పిన్నికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం వచ్చి మిషను పట్టుకుపోతుంది," అంది నెమ్మదిగా.

తండ్రి చేతిలోని ముక్కని బల్ల మీద పెట్టేశాడు. కూతురు మిషను వైపు దిగులుగా చూసింది. అయినా ఒకందుకు మంచిదేనని సరిపెట్టుకుంది.

"సరే. పేపరు చదవడానికైనా కళ్ళజోడు కావాలిగా. అలాంటివే మళ్ళీ తెప్పిస్తాను," అంటూ చెప్పులు వేసుకుంది.

ఎనిమిది నెలల క్రితం అమ్మానాన్నలిద్దరినీ ఒకేరోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది తనే. ఇద్దరి పేర్లూ తన ఫోన్ నంబరు మీదే రాయించింది. నాన్న అక్కడే కళ్ళజోడు చేయించుకున్నాడు. అమ్మకి అక్కడి ఫ్రేములు నచ్చకపోతే ఆన్‌లైన్‌లో తేలికపాటివి తెప్పిస్తానని మాటిచ్చింది. ఈలోగా డాక్టరు రాసిచ్చిన కళ్ళజోడు చీటీ కాస్తా అమ్మ ఎక్కడో పారేసుకుంది. ఆసుపత్రికి మెసేజ్ పెడితే పది నిమిషాల్లో చీటీ ఫోన్‌లోకే వచ్చేసింది. రెండు ఫైళ్ళు వచ్చాయి. ఒకదాన్నే రెండుసార్లు పంపారు కాబోలనుకుని, మొదటిదాన్ని తెరవకుండానే కళ్ళజోళ్ళ దుకాణానికి పంపించేసింది. ఎంత చిటికెలో పని అయిపోయిందోనని ఆ వారమంతా కనపడినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

ఈసారి దుకాణంవాళ్ళు చీటీలో ఉన్న అంకెలు స్వయంగా నింపమన్నారు. మధ్యాహ్నం ల్యాబులో, తన బల్ల దగ్గరే కూర్చుని ఆ ఫైలు మొదటిసారి తెరిచింది.

పేరు దగ్గర నాన్న పేరు ఉంది.

రెండో ఫైలు తెరిచింది. అది అమ్మది. రెండింట్లో ఒక్క అంకె కూడా కలవలేదు. ఎడమకంటికైతే మరీ తేడా.

ఎదురుగా స్టాండులో రక్తం ట్యూబులు వరసగా ఉన్నాయి. ప్రతి ట్యూబు మీదా పేరూ వయసూ చదివి, కూర్చున్న మనిషి నోటితో మళ్ళీ చెప్పించుకుంటే గానీ ఆమె సూది ముట్టుకోదు. పదకొండేళ్ళలో ఒక్క పేరు తారుమారు కాలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ విషయంలో ఇంత జాగ్రత్త! కన్నతల్లి చీటీ మీద పేరు చూడటానికి తీరిక లేకపోయింది.

కళ్ళజోడు వచ్చిన మొదటివారం అమ్మ అన్న మాటలు గుర్తొచ్చాయి. "తల తిరుగుతోందే. గీత రెండుగా కనిపిస్తోంది." "కొత్తవి కదమ్మా, అలవాటవుతాయి," అంది తను. పాతవి కనిపిస్తుంటే కొత్తవి అలవాటు కావని, వాటిని తీసి చెత్తలో పారేసింది కూడా తనే.

సెలవు పెట్టి ఇంటికి పరిగెత్తింది. అప్పటికే కిటికీ పక్కన మిషను లేదు. నేల మీద దారపు ముక్కలు మాత్రం ఉన్నాయి. అమ్మ చీపురుతో వాటిని ఊడుస్తోంది.

కూతురు గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పేసింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"అంటే ఇన్నాళ్ళూ మీ అమ్మ నా చీటీ కళ్ళజోడు పెట్టుకుందా? అందుకే నన్ను చూసి అంతలా విసుక్కునేది," అని నవ్వబోయాడు తండ్రి. నవ్వు రాక వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

తల్లి చీపురు గోడకి ఆనించింది.

"అయితే... నా కళ్ళు బాగానే ఉన్నాయంటావా?"

"బాగానే ఉన్నాయమ్మా. తప్పు నాది. తిట్టు. రెండు దెబ్బలు వెయ్యి."

"తేడాగా ఉందని నాకు తెలుస్తూనే ఉందే. కానీ నువ్వు చదువుకున్నదానివి, రోజూ ఆసుపత్రి మొహం చూసేదానివి. నా కళ్ళ కంటే నీ మాటే నమ్మాను."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే కూతురికి కాస్త తేలికగా ఉండేది.

మర్నాడే పిన్ని మిషను తెచ్చి దింపింది. టీచరమ్మ మాత్రం వేరే చోట కుట్టించుకోవడం మొదలుపెట్టిందట. శనివారం తల్లీకూతుళ్ళు మళ్ళీ కంటి ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్ష చేసే అమ్మాయి బరువైన ఫ్రేము అమ్మ ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే మార్చింది.

"చెప్పండమ్మా, ఇది బాగుందా? లేక ఇదా?"

అమ్మ ఆ ఫ్రేముతోనే తల తిప్పి, పక్క కుర్చీలో ఉన్న కూతురి కోసం వెతికింది.

"ఏది బాగుందే?" అని అడిగింది.

కూతురు కుర్చీలోంచి లేచింది. వెళ్ళి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకెలా తెలుస్తుందమ్మా? కళ్ళు నీవి. నువ్వే చెప్పాలి."

అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

"మొదటిదేనేమో," అంది, ఇంకా కూతురి వైపే చూస్తూ.