నవనీత వ్యాన్‌లో చప్పుడు

"మీ బరువెంత?" అని అడిగాను.

ఒక అమ్మాయిని చూసిన అయిదు నిమిషాలకే అడగకూడని మాట అది. అడిగాక గాని నాకు తెలియలేదు.

"ఎందుకు, కాంటా పెడ్తవా?" అంది నవనీత, తన వీల్‌చైర్‌లోంచే నన్ను కిందినుంచి మీదికి చూస్తూ.

నా తప్పేం లేదు. నేను మెకానిక్‌ని, మా షెడ్డుకు రిపేరుకొచ్చిన వాళ్ల వ్యానే అలాంటిది. వెనక డోరు తీసి ర్యాంపు దించితే నవనీత కుర్చీతో సహా ఎక్కేస్తుంది. నేలకు బిగించిన రెండు ఇనప పట్టాలకు కుర్చీని బెల్టులతో కట్టేస్తారు. వాళ్ల నాన్న మార్కండేయులు, వరంగల్ కొత్తవాడలో నూలు జంపఖానాలు నేసే పెద్దమనిషి, ముందు కూర్చుని నడుపుతాడు. పది రోజులుగా ఏ గుంతలో పడ్డా కింద టక్కుమని చప్పుడు. బండి ఖాళీగా ఉంటే రాదు. కూతురు ఎక్కితేనే వస్తుంది. అందుకని బరువు అడిగాను.

ఆ చప్పుడుతో పెద్దాయనకు నిద్ర లేదు. ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద చక్రం ఊడి, బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో బండి అమ్మేస్తానన్నాడు. మరిపెడ నుంచి ఒకాయన ఆదివారం వచ్చి బండి కొనుక్కుపోతానన్నాడట. నవనీత హన్మకొండలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది.

"బస్సు ఎక్కలేను, ఆటోల కుర్చీ పట్టదు," అంది. "బండి పోతే నా నౌకరి గూడ పాయె. ఇగ ఇంట్లనే."

నవ్వుతూనే అంది కానీ కళ్లు నవ్వలేదు. అది గురువారం. ఆ చప్పుడు పట్టుకోవడానికి నాకు మూడు రోజులే ఉన్నాయి.

షాకబ్జర్లు విప్పాను, బుష్‌లు చూశాను, కమాన్ పట్టీలన్నీ తడిమాను. ఏ లోపమూ లేదు. కుర్చీ కట్టే చోట ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు పెట్టి ట్రయల్ కొట్టాను. ఖిలా వరంగల్ దాకా ఒక్క స్పీడ్ బ్రేకర్‌నూ వదల్లేదు. చప్పుడు లేదు.

తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు నవనీత, రెండు వీధుల అవతలి ఇంటి నుంచి కుర్చీ తోసుకుంటూ వచ్చి. బస్తాలు ఏమైనా ముచ్చట పెట్టాయా అని అడిగింది. మర్నాడు నేను మూడో బస్తా ఎక్కిస్తుంటే తనేమైనా అంత లావుందా అని మొహం ముడుచుకుంది. గబగబా దించేశాను. మా షెడ్డుకు వచ్చేవాళ్లంతా నన్ను అన్నా అంటారు. ఆమె కూడా గురువారం అన్నా అనే అంది. శుక్రవారం నుంచి పండరీ అని పేరు పెట్టి పిలిచింది. ఆ ఒక్క మార్పుకే ఆ రోజంతా బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగించాను.

శనివారం మధ్యాహ్నం సన్నగా వాన పట్టుకుంది. నేను బండి కింద పడుకుని ఉన్నాను, ఆరోసారి.

"పండరీ, చప్పుడు నేనుంటేనే వస్తాంది. మరి నన్ను ఈడ్నే ఒదిలి బస్తాలను తిప్పుతానవేంది?"

కిందినుంచి బయటికొచ్చాను. ట్రయల్ బండిలో గిరాకీని ఎక్కించకూడదని మా షెడ్డు ఓనరు ఉస్తాద్ జహీరుద్దీన్ పెట్టిన కట్టడి. నేను ఆయన మొహం చూశాను. ఆయన గడ్డం గోక్కుని, జర పైలంగా, మెల్లగా పొమ్మని, చూడనట్టు అటు తిరిగి చాయ్ అందుకున్నాడు. నవనీత వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. ఆయన కాదన్నాడు, తర్వాత స్పీడు ఇరవై దాటొద్దన్నాడు, ఆఖరికి సరేనన్నాడు.

కుర్చీని పట్టాలకు బిగించి కట్టి బయలుదేరాను. మొదటి గుంతకే టక్కుమంది. అద్దంలో చూస్తే నవనీత కళ్లు మూసుకుని వింటోంది. నేను రోడ్డు కంటే అద్దమే ఎక్కువ చూశానని ఒప్పుకోవాలి. మూడో గుంతకు ఆగమంది.

"చక్రం పడ్డంక జరంత ఆగి కొడ్తాంది. కింద లొల్లి అయితే చక్రంతోటే కొట్టాలె గదా. మగ్గం మీద గూడ అంతే. దెబ్బ చప్పుడు వేరు, ఏదన్న కట్టు వదులైతే దాని ఎనుక వచ్చే చప్పుడు వేరు. పుట్టినకాడి నుంచి వింటాన్న."

బండి పక్కకు ఆపి దిగి, వెనక డోరు తీసి పట్టా మీద చెయ్యి పెట్టాను. కదిలింది. నేల మీద పరిచిన జంపఖానా అంచు ఎత్తి చూస్తే, అదే జంపఖానా నాలుగు మడతలుగా పట్టాల కింద ఉంది. బోల్టులు దానిలోంచే దిగాయి. నూలు నలిగి అణిగేసరికి బోల్టులు వదులయ్యాయి. బండి ఎగిరినప్పుడల్లా కుర్చీ పట్టాను పైకి లాగి నేలకేసి కొడుతోంది. నా బస్తాలు ఉత్తగా కూర్చున్నాయి తప్ప పట్టాను లాగలేదు.

రెండు వారాల కింద తనకు నడుము నొప్పి లేస్తే, కుదుపులు తగలకూడదని నాన్నే పట్టాలు విప్పి వేశాడని చెప్పింది. చెబుతూనే గొంతు తగ్గించింది.

"బాపుకు చెప్పకు పండరీ. తట్టుకోడు."

వాన పెద్దదైంది. నేను పట్టా వదిలి తలెత్తాను.

"చెప్పకపోతే మళ్ల ఇట్లనే ఏస్తడు. నీకేమన్న అయితే? నేనే చెప్త. ఆయన మనసు నొవ్వకుంట చెప్త."

ఆమె నన్నే చూస్తూ తలూపింది. అప్పటిదాకా ఇష్టం అనుకున్నది ప్రేమేనని నాకు అప్పుడే తెలిసింది. వానలో తడుస్తూ నిలబడ్డానని మాత్రం తెలియలేదు.

షెడ్డుకొచ్చి పట్టాలను ఇనుము మీద ఇనుముగా బిగించాను. జంపఖానాను వాటి మధ్యలో మడత పెట్టి పరిచాను. ఆదివారం పొద్దున మార్కండేయులు వస్తే అన్నీ విప్పి చూపించాను. ఆయన నేసిన దానిలో తప్పు లేదని, బోల్టు కింద ఉండటమే తప్పని, ఇప్పుడూ అది బిడ్డ పాదాల కిందే ఉందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ నూలును నిమిరాడు. నా బిడ్డకు నేనే గండమైతి అని గొణుక్కున్నాడు. నవనీత ఆయన చెయ్యి పట్టుకుంది.

ముగ్గురం బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, పక్కన పెద్దాయన, వెనక నవనీత. కోట తోవలో గుంతలన్నీ ఎక్కించాను. ఒక్క చప్పుడు లేదు. ఆయన అక్కడే ఫోన్ తీసి, బండి అమ్మనని మరిపెడ ఆయనకు చెప్పేశాడు. అద్దంలో నవనీత చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"బాపూ, ఇంకో మాట," అంది. "నాకు పండరి నచ్చిండు. లగ్గం చేసుకుంటే ఈయన్నే చేసుకుంట."

నా కాలు బ్రేక్ మీద పడింది. ముగ్గురం ముందుకు ఊగాం.

"బండి సూసి నడుపు. ఎనుక నా బిడ్డ ఉన్నది," అన్నాడు పెద్దాయన. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవు మరి?"

"నాకు మొదటి దినం నుంచే ఇష్టం కాకా. చెప్పనీకె ధైర్యం సాలలే."

ఆయన నన్ను, అద్దంలో కూతుర్ని, మళ్లీ నన్ను చూశాడు.

"మీ అమ్మ ఇప్పుడు ఇంట్ల ఉంటదా?"

ఉంటుందన్నాను.

"అయితే బండి అటే తిప్పు."

ఇండికేటర్ కూడా వెయ్యకుండా తిప్పేశాను.